పాఠం అందరికీ, జాగ్రత్తలు ఆడపిల్లలకా?

ఆన్‌లైన్ భద్రత పేరుతో మన బడుల్లో జరుగుతున్నది భద్రతా పాఠం కాదు, ఆడపిల్లల్ని భయపెట్టే మరో కార్యక్రమం. ఈ మాట కోపంగా అంటున్నానేమో గానీ తొందరపడి అనడం లేదు. రెండేళ్లుగా ఆలేరులో ఒక ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలకి శనివారాలు వెళ్తున్నాను. నాలుగు, అయిదు తరగతుల పిల్లలకి కంప్యూటర్ నేర్పుతున్నాను. నేను చదివింది సాహిత్యం. పిహెచ్.డి. రోజుల్లో థీసిస్ నేనే టైపు చేసుకోవాల్సొచ్చి ఆ యంత్రంతో పరిచయం ఏర్పడింది. తొమ్మిదేళ్ల పిల్లలకి నేర్పడానికి అంతకంటే పెద్ద అర్హతేమీ అక్కర్లేదని మొదటి నెలలోనే తెలిసింది. అక్కర్లేనిది ఇంకొకటి కూడా ఉంది, భయం. విచిత్రంగా అందరూ ముందు అదే నేర్పమంటున్నారు.

ఆలేరు తెలియని వాళ్ల కోసం రెండు మాటలు. హైదరాబాదు నుంచి వరంగల్ పోయే రోడ్డు మీదా, సికింద్రాబాద్-కాజీపేట రైలు మార్గం మీదా ఉన్న ఊరు. 2016 దాకా నల్లగొండ జిల్లా, ఇప్పుడు యాదాద్రి భువనగిరి. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న ఆరుట్ల కమలాదేవిని 1952, 1957, 1962 ఎన్నికల్లో మూడుసార్లూ గెలిపించిన నియోజకవర్గం. ఆడవాళ్లు గడప దాటడం ఈ ప్రాంతానికి కొత్త కాదు. మా బడి పిల్లల తల్లులు మగ్గం పనికీ, కూలికీ పోతారు, కొందరు పొద్దున రైలెక్కి సికింద్రాబాద్‌లో ఇళ్లలో పనిచేసి వస్తారు. ఇంట్లో ఒక స్మార్ట్‌ఫోను ఉంటుంది. అది బాపుది. బాపు పనికి పోతే ఫోనూ ఆయన జేబులో పోతుంది. సాయంత్రం వచ్చాక ముందు అన్న చేతికి, తర్వాత తమ్ముడి చేతికి. అంట్లు తోమడం అయ్యాక ఇంకా చార్జింగ్ మిగిలుంటే ఆడపిల్లకి. 2020 సెప్టెంబరు 1న టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో మూడో తరగతి నుంచి పై పిల్లలకి పాఠాలు మొదలైనప్పుడు ఈ పిల్లల అక్కలు ఈ వరసలోనే నిలబడ్డారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన మగవాళ్లు 57.4 శాతం, ఆడవాళ్లు 26.5 శాతం. తర్వాత ఫోన్లు పెరిగి ఉండొచ్చు. ఎవరి తర్వాత ఎవరి చేతికి అన్న వరస మాత్రం మారినట్టు నాకు కనబడలేదు.

అంటే ఏమిటి? ఇంట్లో అందరికన్నా తక్కువసేపు, అందరికన్నా ఆఖరున, పక్కన ఎవరో ఒకరు చూస్తుండగా ఫోను పట్టుకునేది ఆడపిల్ల. ఫోను గురించిన జాగ్రత్తలన్నీ చెప్పేది కూడా ఆ పిల్లకే!

గత ఏడాది ఒక బడిలో 'భద్రత గురించి ఒక గంట చెప్పండి మేడమ్' అని నన్ను పిలిచారు. వెళ్లేసరికి గదిలో ఆడపిల్లలే ఉన్నారు. మగపిల్లలు గ్రౌండులో క్రికెట్ ఆడుతున్నారు. 'వాళ్లకెందుకు మేడమ్, ఇది ఆడపిల్లల సబ్జెక్టు కదా' అన్నారు. నాకంటే ముందు మాట్లాడిన ఆయన బోర్డు మీద వరసగా రాసిపెట్టినవి చదివాను. ఫొటోలు పెట్టకండి. తెలియని వాళ్లతో మాట్లాడకండి. రాత్రిపూట ఫోను చూడకండి. అమ్మానాన్నల పరువు గుర్తుపెట్టుకోండి. మొదటి మూడింటికి నాలుగోదాంతో ఏం సంబంధం? ఎనిమిదేళ్ల పిల్లకి ఎవడో బూతు బొమ్మ పంపితే అందులో అమ్మానాన్నల పరువు ఎక్కడ ఇరుక్కుని ఉంది? ఆ గదిలో కూర్చున్న ఒక్క పిల్లకి కూడా సొంత ఫోను లేదు. పంపించేవాడు రేపెవరైనా అవుతాడనుకుంటే, వాడు బయట బ్యాటింగ్ చేస్తున్న వాళ్లలోంచి వస్తాడు గానీ గదిలోంచి కాదు. 'ఎదుటివాళ్లని అడక్కుండా ఫొటో తియ్యకూడదు, ఇంకొకరికి పంపకూడదు' అన్న వాక్యం ఆ బోర్డు మీద లేదు. ఉన్నా వినాల్సిన వాళ్లు గదిలో లేరు.

మా జిల్లాలో ఇది ఎంత పాత అలవాటో చెప్పడానికి హాజీపూర్ పేరు ఎత్తక తప్పదు. 2019 ఏప్రిల్‌లో బొమ్మలరామారం మండలంలోని ఆ ఊళ్లో, బండి మీద దింపుతానని ఎక్కించుకుపోయి పిల్లల్ని చంపి బావిలో వేసిన సంగతి బయటపడింది. ఒకరు కాదు, ముగ్గురు ఆడపిల్లలు. 2020 ఫిబ్రవరిలో నల్లగొండ కోర్టు నేరస్తుడికి మరణశిక్ష వేసింది. ఆ ఊరికి సరైన బస్సు లేదు, అందుకే పిల్లలు ఎవరి బండి దొరికితే అది ఎక్కేవాళ్లు. ఆ రోజుల్లో చుట్టుపక్కల బడుల్లో పిల్లలకి చెప్పిన పాఠం 'ఎవరి బండీ ఎక్కకండి' అని. బస్సు వెయ్యండి అన్నది పిల్లలకి చెప్పాల్సిన పాఠం కాదు నిజమే, అది పెద్దవాళ్లు నేర్చుకోవాల్సింది. కానీ పెద్దవాళ్ల పాఠం ఎప్పుడూ వాయిదా పడుతుంది. పిల్లల పాఠం మాత్రం మర్నాడే మొదలవుతుంది. చంపినవాడు పరాయి ఊరివాడు కూడా కాదు, ఆ ఊరివాడే. 'తెలియని వాళ్లతో మాట్లాడకండి' అన్న సూత్రం వాడి విషయంలో ఎందుకు పనికొస్తుంది?

2007లో కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ దేశంలో పిల్లల మీద జరిగే హింస గురించి పెద్ద అధ్యయనం విడుదల చేసింది. 13 రాష్ట్రాలు, 12 వేలకి పైగా పిల్లలు. సగం మందికి పైగా ఏదో ఒక రూపంలో లైంగిక హింస ఎదుర్కొన్నామన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లు, లేదా పిల్లలు నమ్మిన స్థానంలో ఉన్నవాళ్లు. పిల్లల్లో ఎక్కువమంది ఎవరికీ చెప్పలేదు. ఆ రోజుల్లో పల్లెల్లో స్మార్ట్‌ఫోన్లు లేవు. ఫోను కొత్త దారి తెరిచింది గానీ ఆ దారిన వచ్చేవాళ్లని కొత్తగా పుట్టించలేదు. ఆన్‌లైన్ ప్రమాదాన్ని ఎక్కడో దూరాన కూర్చున్న ముసుగు మనిషిగా బొమ్మ గీసి చూపించినంత కాలం, పక్కింటి అన్న, ట్యూషన్ సారు, వరసకి మామ అయ్యేవాడు సుఖంగా ఉంటారు.

ఇక భాష సంగతి. సాహిత్యం చదివినదాన్ని కాబట్టి ఇక్కడ కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. పిల్లల కోసం అచ్చయ్యే కరపత్రాలు చూడండి. అంతర్జాల భద్రత, గోప్యత, సంకేతపదం, వ్యక్తిగత సమాచారం... ఎవరి కోసం ఈ తెలుగు? మా పిల్లలు నెట్ అంటారు, పాస్‌వర్డ్ అంటారు. నోట్లో ఉన్న మాట తీసేసి నోరు తిరగని మాట పెడితే పాఠం సగం అక్కడే పోతుంది. అంతకన్నా ప్రమాదకరమైంది 'రహస్యం'. ఒక కరపత్రంలో 'పాస్‌వర్డ్ ఎవరికీ చెప్పకూడని రహస్యం' అని ఉంది. దాని కిందే 'ఏం జరిగినా రహస్యంగా దాచుకోకుండా పెద్దలకి చెప్పాలి' అని ఉంది. నాలుగో తరగతి పిల్లవాడు లేచి నిలబడ్డాడు. 'మేడమ్, రహస్యం చెప్పాల్నా, చెప్పొద్దా?' అని అడిగాడు. ఆ వాక్యాలు రాసినవాళ్లకి తట్టని ప్రశ్న అది. పిల్లల్ని పాడుచేసే ప్రతివాడూ మొదట వాడే మాట కూడా అదే కదా, ఇది మనిద్దరి రహస్యం, ఎవరికీ చెప్పకు అని.

ఆ రోజు నుంచి మా క్లాసులో ఆ మాట వాడటం మానేశాం. పాస్‌వర్డ్ అంటే తాళంచెవి. తాళంచెవి దారిన పోయేవాళ్లకి ఇవ్వం, అమ్మ దగ్గర ఒకటి ఉంటుంది. మనసు చెడగొట్టే సంగతి తాళంచెవి కాదు, అది కడుపులో ముల్లు, తీయించుకోవాలి. గోప్యత అన్న మాటకి నేను సమానార్థకం వెతుక్కుంటూ ఉంటే ఒక పిల్ల తేల్చేసింది. 'నన్నడగకుంట నా ఫొటో తియ్యొద్దు, అంతే గద మేడమ్!' అంతే. నేను చదివిన ఏ నిర్వచనం ఇంతకంటే బాగా లేదు.

కానీ ఆ వెంటనే ఇంకో పిల్ల అడిగింది. 'మరి పొద్దున హాజరుకు తీస్తరు గద?' 2023లో తెలంగాణ ప్రభుత్వ బడుల్లో పిల్లల ముఖాలు గుర్తుపట్టే యాప్‌తో హాజరు తీసుకోవడం ప్రవేశపెట్టారు. తర్వాత దేశమంతా 'అపార్' గుర్తింపు సంఖ్యలు వచ్చాయి. అన్నం తింటున్నప్పుడు ఒక ఫొటో, గుడ్డు చేతిలో పెట్టినప్పుడు ఒక ఫొటో, పుస్తకాలిస్తే ఒక ఫొటో. అవి ఎన్ని వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతాయో తీసినవాళ్లకే తెలియదు. 2023 నాటి వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 ఏళ్ల లోపు వాళ్ల వివరాలు వాడాలంటే తల్లిదండ్రుల అనుమతి కావాలంటుంది. అదే చట్టం ప్రభుత్వానికి బోలెడు మినహాయింపులిస్తుంది. మా పిల్లల తల్లుల్లో ఎంతమందిని కూర్చోబెట్టి, వాళ్లకర్థమయ్యే మాటల్లో ఈ అనుమతి అడిగారు? నీ ఫొటో ఎవరికీ ఇవ్వకు అని పిల్లకి చెప్పే నోటితోనే, కదలకుండా నిలబడు ఫొటో తియ్యాలి అంటున్నాం. వద్దనే హక్కు ఒకచోట లేని పిల్లకి మరోచోట ఎక్కడ నుంచి వస్తుంది?

ఇప్పుడు నన్ను ఈ వ్యాసం రాయించిన సంగతి. ఆ పిల్లని గుర్తుపట్టే వివరాలేవీ ఇవ్వను. అయిదో తరగతి. బాపు ఫోనులో అన్నతో కలిసి ఆట ఆడేది. ఆ ఆటలో అవతలివాళ్లు మాట్లాడొచ్చు, రాయొచ్చు. 'అన్న' అని పిలిపించుకున్న ఒకడు వారం రోజులు బాగా మాట్లాడి ఫొటో పంపమన్నాడు. ఎలాంటి ఫొటోనో చెప్పక్కర్లేదు. ఆ పిల్ల పంపలేదు. అమ్మకి చెప్పింది. అంటే పాఠం నూటికి నూరుపాళ్లు వంటబట్టింది. తర్వాత జరిగింది వినండి. అమ్మ బాపుకి చెప్పింది. బాపు పిల్లని కొట్టాడు. ఇంట్లో వాళ్లు సిగ్గుపడి, ఎవరైనా చూస్తారని ఆ ఆటనీ, అందులోని రాతల్నీ చెరిపేసి, ఫోనుని మొత్తం రీసెట్ చేయించారు. నెల తిరక్కుండా పిల్లని అమ్మమ్మ ఊరికి పంపించేశారు. 'ఈడ ఉంటే పేరు ఖరాబైతది మేడమ్' అంది తల్లి. ఆమెని నేను తప్పుపట్టలేను, ఆమెకి ఇంకో దారి ఎవరు చూపించారు? అన్న మాత్రం ఆ ఆట మళ్లీ ఎక్కించుకున్నాడు.

విషయం నాకు తెలిసిన రోజే 1098కి ఫోన్ చేశాను, సైబర్ నేరాల పోర్టల్లో ఫిర్యాదు పెట్టాను. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం ఇలాంటిది తెలిసిన ఎవరైనా ఫిర్యాదు చెయ్యాలి, చెయ్యకపోవడం నేరం. ఐటీ చట్టంలో 2009 నుంచి అమల్లో ఉన్న 67బి సెక్షన్ పిల్లల్ని ఆన్‌లైన్‌లో ఇలా వలలో వేసుకోవడాన్నీ శిక్షిస్తుంది. చట్టాలకి కొదవ లేదు. అవతలి ఖాతా పేరేమిటి, స్క్రీన్‌షాట్ ఉందా అని అడిగారు. ఏముంది? చెరిపేశారు కదా. వాడు ఎక్కడున్నాడో, ఇంకెంతమంది పిల్లల్ని అడుగుతున్నాడో తెలుసుకునే దారి ఆ రీసెట్‌తో మూసుకుపోయింది.

స్క్రీన్‌షాట్ తియ్యడం రెండు బటన్ల పని. బ్లాక్ చెయ్యడం, రిపోర్ట్ కొట్టడం రెండు మూడు నొక్కుళ్లు. చెరపకుండా ఉండటానికి అసలు పనే లేదు. భద్రత అంటే ముందు ఈ చేతిపని. ఇది కంప్యూటర్ చదువులో భాగం, నీతిబోధలో కాదు. భద్రతని కంప్యూటర్ చదువు నుంచి విడదీసి శీలం పాఠంలో కలిపేసిన ఫలితం ఆ ఇంట్లో చూశాం. ఆ ఏడాది మా క్లాసులో మిగిలిన పిల్లలు నేర్చుకున్నదేమిటో తెలుసా? చెప్తే అమ్మమ్మ ఊరికి పంపిస్తారని.

చదువొస్తే ఆడవాళ్లు ప్రియుళ్లకి ఉత్తరాలు రాస్తారని ఒక శతాబ్దం పాటు వాదించిన సమాజం మనది. భండారు అచ్చమాంబకి పుట్టింట చదువు చెప్పించలేదు. పెళ్లయ్యాక, తనింట్లో ఉండి చదువుకుంటున్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు పక్కన కూర్చుని నేర్చుకుంది. అలా నేర్చుకున్నామె 1901 నాటికి 'అబలా సచ్చరిత్ర రత్నమాల' రాసి, చదువు వల్ల స్త్రీలు చెడిపోతారన్న మాటని వందల ఏళ్ల చరిత్ర చూపించి కొట్టిపారేసింది. మన సెమినార్లలో అచ్చమాంబ పేరు చెప్పని రోజు లేదు. తమ్ముడి పుస్తకంలోకి పక్క నుంచి తొంగి చూసే ఆ అక్క ఇప్పుడు ఆలేరులో అన్న ఫోనులోకి పక్క నుంచి తొంగి చూస్తోంది. ఉత్తరం పోయి ఫోను వచ్చింది, వాదన అక్షరం మారలేదు.

ప్రభుత్వం ఏం చేస్తోంది అంటారా? చాలానే చేసింది, పిల్లల చేతికి మాత్రం యంత్రం రానివ్వలేదు. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో 5,000 ఉన్నత పాఠశాలల్లో కంప్యూటర్ విద్యని ప్రైవేటు కంపెనీలకి అయిదేళ్ల కాంట్రాక్టు ఇచ్చారు. గడువు తీరాక కొద్దిపాటి జీతాలకి పనిచేసిన కంప్యూటర్ టీచర్లు రోడ్డున పడ్డారు, యంత్రాలు గదుల్లో తాళంలో పడ్డాయి. ఇప్పుడు ప్రాథమిక బడులకి కూడా వచ్చింది. 2025లో మూడు నుంచి అయిదో తరగతి వరకు చదవడంలో, లెక్కల్లో వెనకబడిన పిల్లలకి కృత్రిమ మేధతో నేర్పుతామని ఎక్‌స్టెప్ ఫౌండేషన్ సాయంతో 'ఏఎక్స్ఎల్' అన్న కార్యక్రమం మొదలుపెట్టారు. తెర పిల్లని ప్రశ్న అడుగుతుంది, పిల్ల జవాబు చెప్తుంది. తెరని పిల్ల ప్రశ్న అడిగే చోటు ఎక్కడ? కంప్యూటర్ చేత నేర్పించడం వేరు, కంప్యూటర్ని నేర్పించడం వేరు. ఇరవై ఏళ్ల కింద ప్రాథమిక బడుల్లో కంప్యూటర్ పాఠాలు పెట్టి చూసిన అజీం ప్రేమ్‌జీ ఫౌండేషన్ కూడా చివరికి, టీచరు లేని చోట యంత్రం ఏమీ చెయ్యలేదన్న చోటికే వచ్చింది. 2020 జాతీయ విద్యా విధానం కోడింగ్‌ని ఆరో తరగతి దాకా ఆపింది. ఆరో తరగతికి మా పిల్లల చేతుల్లో ఫోను పాతబడిపోతుంది.

పక్కనే కేరళ ఉంది. 2001లో మొదలైన ఐటీ ఎట్ స్కూల్ ఇప్పుడు 'కైట్' అయింది. వాళ్లు కంపెనీలకి కాంట్రాక్టు ఇవ్వలేదు. తమ టీచర్లకే నేర్పించారు, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ వాడారు, ఒకటో తరగతి నుంచే 'కళిప్పెట్టి' అని సొంత భాషలో పాఠ్యపుస్తకం వేశారు. ఆటల పెట్టె అని అర్థం. భయాల పెట్టె కాదు, గమనించండి. ఇంగ్లండులో 2014 నుంచి అయిదారేళ్ల పిల్లల కంప్యూటింగ్ పాఠ్యప్రణాళికలోనే ఒక మాట ఉంది. నెట్‌లో ఏదైనా ఇబ్బంది కలిగిస్తే సాయం కోసం ఎక్కడికి వెళ్లాలో పిల్లకి తెలియాలని. 'ఏం చెయ్యకూడదు' కాదు, 'ఎక్కడికి వెళ్లాలి'. మన దగ్గర ఆ ప్రశ్నకి జవాబుండాలంటే ముందు వెళ్లదగిన చోటు ఉండాలి కదా.

అభ్యుదయవాద మిత్రులు కొందరు నన్ను మరో వైపు నుంచి కోప్పడతారు. పసిపిల్లలకి తెర ఎందుకు, మట్టిలో ఆడుకోనివ్వరాదా అని. మట్టి గురించి మా పిల్లలకి మనం చెప్పక్కర్లేదు. తెర వద్దనుకునే స్వేచ్ఛ ఉన్నవాళ్ల పిల్లల గురించి ఆ మాట. పైగా నేను నేర్పేదాంట్లో సగం తెర లేకుండానే జరుగుతుంది. చాక్‌పీస్‌తో గళ్లు గీసి ఒక పిల్ల కంప్యూటర్ అవుతుంది, ఇంకొకరు ఆజ్ఞలిస్తారు. రెండడుగులు ముందుకి, ఎడమకి తిరుగు. తప్పు చెప్తే పిల్ల గోడకి గుద్దుకుంటుంది, అందరూ నవ్వుతారు, ఆజ్ఞ మారుస్తారు. యంత్రం మనం చెప్పింది చేస్తుందని, తప్పయితే మార్చుకోవచ్చని ఆ వయసులో వంటబడితే చాలు. ఉన్న ఒక్క పాత లాప్‌టాప్ దగ్గర మాత్రం ఒక నియమం పెట్టాను. మౌస్ ముందు ఆడపిల్లల చేతికి. మొదట్లో మగపిల్లలు గొడవ చేశారు, ఆడపిల్లలు కూడా 'వాడు మంచిగ చేస్తడు మేడమ్, వానికియ్యి' అన్నారు. అప్పటిదాకా ఆ గదికి సంబంధించి వాళ్లకున్న పని ఊడ్చి, బల్ల తుడవడం. నాలుగు వారాలు పట్టింది.

మనకి కూడా ఒక ప్రశ్న ఉంది. ట్రోలింగ్ మీద మనం కథలు రాశాం, సంపుటాలు తెచ్చాం. రచయిత్రుల మీద జరిగే దాడులు చిన్నవని నేననను, నా ఇన్‌బాక్స్ కూడా మురికిగానే ఉంది. కానీ ఆ ట్రోల్ చేసేవాడు ఒకప్పుడు నాలుగో తరగతిలో ఉన్నాడు. వాడు గ్రౌండులో ఆడుకుంటుంటే వాడి అక్కకి జాగ్రత్తలు చెప్పిన గదిలోకి మనలో ఎంతమందిమి వెళ్లాం? పాఠ్యపుస్తకాల కమిటీల్లో మన స్నేహితులున్నారు, శిక్షణా తరగతుల్లో మాట్లాడేవాళ్లు ఉన్నారు. 'సంకేతపదం' అని రాసేవాళ్ల చేతిలోంచి ఆ కాగితం లాక్కుని పిల్లల తెలుగులో మనం ఎందుకు రాయకూడదు? ఎవరింట్లో ఫోను ముందు ఎవరి చేతికి వస్తుంది అన్నది అయిదో తరగతి పర్యావరణ పాఠంలో ఒక అభ్యాసం ఎందుకు కాకూడదు?

వచ్చే శనివారం స్క్రీన్‌షాట్ పాఠం ఉంది. ఈసారి తల్లుల్ని కూడా రమ్మన్నాను. నలుగురు వస్తామన్నారు, పదకొండు దాటాక, పని చూసుకుని. అందులో ఒకామె ఫోను అద్దం పగిలి ఉంది, ఒక మూల అసలు పనిచెయ్యదు. 'గట్లనే తీస్కరావచ్చునా మేడమ్?' అని అడిగింది. తీసుకురమ్మన్నాను.